‘షి’ అంటే ఎవరు? అమ్మా, నానీనా?

విజయవాడ: ఒక ఉత్తరం ఊహించుకోండి. ఇంటర్ చదివే అమ్మాయి బ్యాంకు మేనేజర్‌కు ఇంగ్లిష్‌లో రాసింది. మూడే వాక్యాలు. ‘మై మదర్ అండ్ మై గ్రాండ్‌మదర్ హావ్ ఎ జాయింట్ అకౌంట్. షి డైడ్ లాస్ట్ మంత్. ప్లీజ్ రిమూవ్ హర్ నేమ్.’

స్పెల్లింగ్ తప్పు ఒక్కటీ లేదు. వాక్యాలు కూడా చిన్నవే. అయినా చదివిన ఉద్యోగికి ఒక ప్రశ్న మిగిలింది. చనిపోయింది ఎవరు? అమ్మా, అమ్మమ్మా? ఎవరి పేరు తీసేయాలి? ఇంట్లో అందరికీ తెలుసు, పోయింది నానీ అని. కౌంటర్ వెనక కూర్చున్న మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? కాగితం వెనక్కి వస్తుంది. మళ్లీ రాయాలి, మళ్లీ లైన్‌లో నిలబడాలి.

ఈ తిప్పలంతా ‘షి’ అనే ఒక చిన్న మాట వల్ల వచ్చింది. ఆ ‘షి’ ఎవరి పేరుకు బదులు వచ్చిందో రాసిన అమ్మాయికి తెలుసు, చదివేవారికి తెలియదు. ఇంగ్లిష్ గ్రామర్‌లో దీన్నే ప్రొనౌన్, దాని యాంటిసిడెంట్ అనే పాఠంగా చెబుతారు.

కొత్త విద్యా సంవత్సరం మొదలైతే గవర్నర్‌పేటలో ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు పిల్లలతో, తల్లిదండ్రులతో నిండిపోతాయి. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర బేరాలు నడుస్తాయి. అక్కడ గ్రామర్ పుస్తకం అడిగితే ముందు వినిపించే పేరు రెన్ అండ్ మార్టిన్. 1930లలో వచ్చిన ఆ పుస్తకం ఇప్పటికీ మన ఇళ్లలో అన్న చేతి నుంచి తమ్ముడి చేతికి మారుతూనే ఉంది. అందులోనూ ఈ పాఠం ఉంది. అయితే తెలుగు, ఉర్దూ రెండూ వినిపించే ఇంట్లో పెరిగిన పిల్లలు సరిగ్గా ఎక్కడ తడబడతారో ఆ పుస్తకం చెప్పదు. అది మనమే చూసుకోవాలి.

జమీర్, మర్జా

ప్రొనౌన్‌ను తెలుగులో సర్వనామం అంటాం. పేరుకు బదులు వాడే మాట అది. అతను, ఆమె, అది, వాళ్లు అన్నీ సర్వనామాలే. ఆ మాట ఏ పేరుకు బదులు వచ్చిందో ఆ పేరే యాంటిసిడెంట్. ‘సల్మా వచ్చింది. ఆమె తడిసిపోయింది’ అంటే ‘ఆమె’ సర్వనామం, ‘సల్మా’ దాని యాంటిసిడెంట్.

ఉర్దూ లేదా అరబీ చదువుకున్న పిల్లలకు ఈ పాఠం కొత్త కాదు. మదర్సాలో సర్వనామాన్ని జమీర్ అంటారు. అది ఎవరిని సూచిస్తుందో ఆ పేరును మర్జా అంటారు. మర్జా అంటే తిరిగి వెళ్లే చోటు. జమీర్ అనే మాటకు దాగి ఉన్నది అనే అర్థం ఉంది, అందుకే ఉర్దూలో మనస్సాక్షిని కూడా జమీర్ అంటాం. సర్వనామంలో పేరు దాగి ఉంటుంది. చదివేవాడు ఆ దాగిన పేరు దగ్గరికి తిరిగి వెళ్లగలగాలి. దారి రెండు ఇళ్లకు పోతే తప్పు రాసినవాడిదే.

అరబీ క్లాసులో ‘హువ’ ఎవరికి, ‘హియ’ ఎవరికి అని వల్లె వేసిన పిల్లవాడు ఇంగ్లిష్ క్లాసులో ‘హి’, ‘షి’ దగ్గర తికమక పడుతుంటే, అతనికి ఈ రెండు పాఠాలూ ఒకటేనని ఎవరూ చెప్పలేదన్నమాట.

మూడు భాషలు, మూడు లెక్కలు

ఇంగ్లిష్‌లో ఒక్కరి గురించి చెప్పేటప్పుడు మగవారికి హి, ఆడవారికి షి, వస్తువుకు ఇట్. చాలామందికైతే దే. లెక్క అంతే.

ఉర్దూలో ‘వో’ ఒక్కటే. అతనూ వో, ఆమె కూడా వో, బల్ల కూడా వో, వాళ్లంతా కూడా వో. ఆడా మగా అన్నది క్రియలో తెలుస్తుంది. ‘వో ఆతా హై’ అంటే అతను, ‘వో ఆతీ హై’ అంటే ఆమె. కొన్నిసార్లు క్రియలో కూడా తెలియదు. ‘ఉస్‌నే రోటీ ఖాయీ’ అంటే తిన్నది అబ్బాయా, అమ్మాయా? ‘ఖాయీ’ అన్నది రొట్టెను బట్టి వచ్చింది, తిన్న మనిషిని బట్టి కాదు. ఇలాంటి భాషలో ఆలోచించి ఇంగ్లిష్‌లో మాట్లాడే పిల్లలు ‘మై సిస్టర్ ఈజ్ ఇన్ టెన్త్, హి ఈజ్ రీడింగ్’ అనేస్తారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. వాళ్ల తలలో ఉన్న ‘వో’కు ఆడా మగా తేడా లేదు.

తెలుగు లెక్క ఇంకో రకం. మగవారికి ‘వచ్చాడు’. ఆడవారికీ, ఆవుకూ, బస్సుకూ ‘వచ్చింది’. అదే బహువచనంలో ఆడవాళ్లూ మగవాళ్లూ ‘వచ్చారు’ అవుతారు, ఆవులూ బస్సులూ ‘వచ్చాయి’ అవుతాయి. అంతేకాదు, తెలుగులో సర్వనామం చెప్పకపోయినా సరిపోతుంది. ‘నిన్న వచ్చాడు’ అంటే చాలు, చివరి ‘డు’లోనే అతను ఉన్నాడు. ఇంగ్లిష్‌లో ‘కేమ్ ఎస్టర్‌డే’ అని ఊరుకుంటే వాక్యం కాదు. హి కేమా, షి కేమా, ఇట్ కేమా చెప్పి తీరాలి.

మన ప్రాంతంలో అందరి ఇంటి భాషా ఒకటి కాదు. కొన్ని ఇళ్లలో దక్కనీ ఉర్దూ. నూర్‌బాషా కుటుంబాలు చాలావాటిలో ఇంటి భాష తెలుగే. అందుకే ఒకే క్లాసులో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు రెండు వేర్వేరు తప్పులు చేస్తారు. తప్పు చూసి కొట్టే ముందు ఆ తప్పు ఏ భాషలోంచి వచ్చిందో చూస్తే సగం పని అయిపోతుంది.

ఇమ్రాన్ చెల్లెలు ‘హిజ్’ సిస్టరా, ‘హర్’ సిస్టరా?

ఉర్దూ ఇళ్లలో బాగా కనిపించే తప్పు ఇంకొకటి ఉంది. ‘ఇమ్రాన్ లవ్స్ హర్ సిస్టర్’ అని రాస్తారు. వాళ్ల ఉద్దేశం ఇమ్రాన్‌కు తన చెల్లెలంటే ఇష్టం అని. మరి హర్ ఎందుకు రాశారు?

ఉర్దూలో ‘ఉస్‌కా భాయి’, ‘ఉస్‌కీ బహెన్’ అంటాం. కా, కీ అన్నవి తర్వాత వచ్చే మాటను బట్టి మారతాయి. బహెన్ ఆడ కాబట్టి కీ. ఇంగ్లిష్‌లో అలా కాదు. హిజ్, హర్ అన్నవి వెనక ఉన్న మనిషిని చూస్తాయి, ముందున్న మాటను చూడవు. ఇమ్రాన్ మగ కాబట్టి హిజ్ సిస్టర్. సల్మా ఆడ కాబట్టి హర్ బ్రదర్.

ఇక్కడ తెలుగు పిల్లలకు సాయం చేస్తుంది. ‘అతని చెల్లి’, ‘ఆమె అన్న’ అన్నప్పుడు తెలుగు కూడా ఇంగ్లిష్ లాగే ఎవరి చెల్లి, ఎవరి అన్న అనే చూస్తుంది. కాబట్టి అనుమానం వచ్చినప్పుడు ఆ ఒక్క మాటను తెలుగులోకి మార్చుకుని చూడమనండి. అతని అని వస్తే హిజ్, ఆమె అని వస్తే హర్.

అబ్బా ‘దే’ అవుతారా?

‘మై ఫాదర్’ అని పది లైన్లు రాయమంటే చాలామంది పిల్లలు ఇలా మొదలుపెడతారు. ‘మై ఫాదర్ ఈజ్ ఎ టైలర్. దే గో టు షాప్ ఎట్ నైన్.’ టీచర్ ఎర్ర పెన్నుతో ‘దే’ కొట్టేసి ‘హి’ రాస్తారు. పిల్లవాడికి లోపల ఎక్కడో కష్టంగా ఉంటుంది. అబ్బాను ‘వాడు’ అన్నట్టు ‘హి’ అనడం ఏమిటి?

పిల్లవాడి మర్యాదలో తప్పు లేదు. తెలుగులో పెద్దవారిని ఆయన, వారు అంటాం, ‘వచ్చారు’ అంటాం. ఉర్దూలో ‘అబ్బా ఆయే హైఁ’ అని బహువచనంలోనే చెబుతాం. రెండు భాషల్లోనూ ఒక్క మనిషిని గౌరవంగా చెప్పాలంటే బహువచనం వాడతాం. ఇంగ్లిష్‌లో మూడో మనిషికి ఆ ఏర్పాటు లేదు. రాష్ట్రపతి అయినా, రిక్షా తొక్కేవాడైనా హి. ఎదుటి మనిషి విషయంలో మాత్రం ఒకప్పుడు ‘నువ్వు’కు ‘దౌ’, ‘మీరు’కు ‘యూ’ అనే తేడా ఉండేది. తర్వాత ‘దౌ’ వాడుకలోంచి పోయి అందరికీ ‘యూ’ మిగిలింది.

కాబట్టి పిల్లలకు ఒక మాట చెప్పాలి. ఇంగ్లిష్‌లో గౌరవం సర్వనామంలో ఉండదు. మిస్టర్, సర్, ప్లీజ్, చెప్పే తీరు, వాటిలో ఉంటుంది. ‘హి’ అంటే ‘వాడు’ కాదు. వాడు, అతను, ఆయన, వారు అన్నీ కలిసి ఒక్క ‘హి’ అయ్యాయి. అబ్బాను ‘హి’ అంటే అదబ్ తప్పినట్టు కాదు.

అవతలివాళ్లకూ ఇదే ఇబ్బంది వచ్చింది. సీపీ బ్రౌన్ 1840లో, మచిలీపట్నంలో మిషనరీగా పనిచేసిన ఆర్డెన్ 1873లో ఇంగ్లిష్‌వారి కోసం తెలుగు వ్యాకరణాలు తెచ్చారు. ఒక్క ‘హి’తో పెరిగినవారికి వాడు ఎప్పుడు, ఆయన ఎప్పుడు అని నేర్పాల్సి వచ్చింది. మన పిల్లలు ఇప్పుడు అదే దారిలో ఎదురు దిక్కున నడుస్తున్నారు.

మనకు ఉన్నది, ఇంగ్లిష్‌కు లేనిది

ఈ వాక్యం చూడండి. ‘సల్మా గేవ్ ఆయేషా హర్ బుక్.’ పుస్తకం ఎవరిది? సల్మా తన పుస్తకం ఇచ్చిందా? ఆయేషా పుస్తకం ఆమెకే తిరిగి ఇచ్చిందా? వాక్యంలో జవాబు లేదు.

తెలుగులో ఈ బాధ లేదు. ‘సల్మా ఆయేషాకు తన పుస్తకం ఇచ్చింది’ అంటే పుస్తకం సల్మాదే. ‘ఆమె పుస్తకం’ అంటే సల్మాది కాదు. ఉర్దూలో కూడా ‘అప్నీ కితాబ్’ వేరు, ‘ఉస్‌కీ కితాబ్’ వేరు. తన, అప్నా అనే మాటలు మనకు చిన్నప్పటి నుంచి దారి చూపిస్తున్నాయి. ఇంగ్లిష్ హర్, హిజ్‌లో ఆ దారి చూపే పలక లేదు. మన మనసులో ‘తన’ అనుకుని ‘హర్’ రాస్తాం. చదివేవాడికి ‘హర్’ మాత్రమే కనిపిస్తుంది, మన మనసులోని ‘తన’ కనిపించదు.

ఇలాంటిదే ‘వి’. తెలుగులో మనం వేరు, మేము వేరు. వినేవాడిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఉర్దూ ‘హమ్’లోనూ, ఇంగ్లిష్ ‘వి’లోనూ ఈ తేడా లేదు. అసోసియేషన్ తరఫున అధికారికి ‘వి షుడ్ రిపేర్ ది డ్రెయిన్’ అని రాస్తే బాగుచేయాల్సింది ఎవరు? ఉత్తరం రాసినవాళ్లా, ఆఫీసా, ఇద్దరూనా? అక్కడ ‘వి’ తీసేసి ఎవరి పేరు ఉండాలో ఆ పేరే రాయాలి.

ఒకరా, చాలామందా?

పోటీ పరీక్షలకు చదివేవారికి ఇది ముఖ్యం. స్టాఫ్ సెలక్షన్ కమిషన్, బ్యాంకు పరీక్షల్లో తప్పు కనిపెట్టమని ఇచ్చే ప్రశ్నలకు ఈ నియమాలు పనికొస్తాయి. నియమం ఒక్కటే. యాంటిసిడెంట్ ఒకటైతే సర్వనామమూ ఏకవచనం, చాలా అయితే బహువచనం. చిక్కు ఎక్కడంటే, ఒకటా చాలా అన్నది కొన్నిసార్లు వెంటనే తెలియదు.

‘ఈచ్ ఆఫ్ ది బాయ్స్’ అన్నప్పుడు కళ్లకు బాయ్స్ కనిపిస్తుంది. లెక్కలోకి వచ్చేది ఈచ్. అంటే ఒక్కొక్కడు. అందుకే ‘ఈచ్ ఆఫ్ ది బాయ్స్ హాజ్ బ్రాట్ హిజ్ బుక్’.

నైదర్, నార్ వచ్చినప్పుడు దగ్గరున్న పేరును చూడాలి. ‘నైదర్ ఇమ్రాన్ నార్ హిజ్ బ్రదర్స్ హావ్ బ్రాట్ దెయిర్ బుక్స్.’ దగ్గరున్నది బ్రదర్స్ కాబట్టి దెయిర్.

కమిటీ, టీమ్, ఫ్యామిలీ లాంటి మాటలు సందర్భాన్ని బట్టి మారతాయి. కమిటీ అంతా ఒక్క మాట మీద నిలబడితే ఇట్. కమిటీలో సభ్యులు తలో మాట అంటే దే. మసీదు కమిటీ మీటింగ్‌కు ఒక్కసారి వెళ్లినవారికి ఈ తేడా విడిగా చెప్పక్కర్లేదు.

ఎవ్రీవన్, ఎనీబడీ, నోబడీ ఏకవచనాలే. ‘ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ హిజ్ హాల్ టికెట్’ అని పాత పుస్తకాలు రాస్తాయి. మరి అమ్మాయిలో? అందుకే కొందరు ‘హిజ్ ఆర్ హర్’ అంటారు. ఇప్పుడు ‘దెయిర్’ అనడం కూడా బాగా పెరిగింది. అమెరికాలోని మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు 2019 సంవత్సరపు మాటగా ‘దే’నే ఎంచుకుంది, ఒక్క మనిషికి వాడే ‘దే’ను దృష్టిలో పెట్టుకుని. పరీక్షల గైడ్‌లలో మాత్రం ఎక్కువగా పాత నియమమే కనిపిస్తుంది. అప్లికేషన్, వ్యాసం లాంటివి రాసేటప్పుడు తేలిక దారి ఒకటుంది. మొదటి మాటనే బహువచనం చేసేయండి. ‘ఆల్ స్టూడెంట్స్ షుడ్ బ్రింగ్ దెయిర్ హాల్ టికెట్స్.’ గొడవే లేదు.

ఇక ఇట్, దిస్, విచ్. ‘ఐ పెయిడ్ ది ఫీ అండ్ సబ్మిటెడ్ ది ఫారమ్, బట్ ఇట్ వాజ్ నాట్ రిసీవ్డ్.’ అందనిది ఫీజా, ఫారమా? ఫీజు అందకపోతే రసీదు చూపించాలి. ఫారం అందకపోతే ఇంకో ఫారం ఇవ్వాలి. రెండు వేరు పనులు. ‘ఇట్’ బదులు ‘ది ఫారమ్’ అని రాస్తే పోయేది ఒక్క మాట, మిగిలేది ఒక రోజు.

చట్టంలో ‘హి’

ఒక్క ‘హి’ వెనక ఎవరున్నారు అన్నది చట్టానికి కూడా ప్రశ్నే. మన రాజ్యాంగం ఇంగ్లిష్ ప్రతిలో రాష్ట్రపతిని ‘హి’ అనే రాశారు. ప్రతిభా పాటిల్ 2007లో, ద్రౌపది ముర్ము 2022లో రాష్ట్రపతి అయ్యారు. వారికోసం మాట మార్చలేదు. 1897 జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఉద్దేశం కనిపిస్తే తప్ప, చట్టాల్లో పురుషులకు వాడిన మాటలు స్త్రీలకు కూడా వర్తిస్తాయి. రాజ్యాంగాన్ని అర్థం చేసుకోవడానికి కూడా ఆ చట్టమే ఆధారం.

1860 నాటి ఐపీసీ 8వ సెక్షన్‌లో ‘హి’ అంటే పురుషుడైనా స్త్రీ అయినా అని విడిగా రాశారు. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఇంకో అడుగు ముందుకు వేసింది. అందులో ‘హి’ పరిధిలోకి ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను కూడా చేర్చారు. రెండక్షరాల మాటకు చట్టం ఇంత కాపలా పెట్టిందంటే, అది ఎంత పని చేస్తుందో అర్థం చేసుకోవచ్చు.

మన ఉత్తరాలకు అలాంటి కాపలా లేదు. ఉదాహరణకు ఉద్యోగ ఒప్పందంలో ‘ది ఎంప్లాయర్ షల్ పే ది ఎంప్లాయీ బిఫోర్ హి లీవ్స్ ది కంట్రీ’ అని ఉంటే, దేశం వదిలేది ఎవరు? ఉద్యోగి అనే అనుకుంటాం. కానీ వాక్యం అలా కచ్చితంగా చెప్పడం లేదు. గల్ఫ్‌కో మరో చోటికో వెళ్లేవారు సంతకం పెట్టే ముందు ఇలాంటి చోట వేలు పెట్టి ‘ఈ హి ఎవరు?’ అని అడగాలి. జవాబు నోటితో చెబితే చాలదు, కాగితం మీద పేరు రాయించుకోవాలి.

దస్తావేజుల్లో ఉన్న ఉపాయం

మన దస్తావేజులు రాసేవారికి ఈ జబ్బు ఎప్పుడో తెలుసు. అందుకే వాళ్లు అతను, అది అని రాయరు. సదరు ఇల్లు, సదరు వ్యక్తి, సదరు మొత్తం అని రాస్తారు. పైన చెప్పిన ఆ ఇల్లే, ఇంకోటి కాదు అని అర్థం. ఈ ‘సదరు’ అరబీలోని సదర్ నుంచి ఉర్దూ, ఫారసీల మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. ఇంగ్లిష్ ఒప్పందాల్లోనూ లాయర్లు హి, షి తగ్గించి ఓనర్, టెనెంట్ అని ప్రతిసారీ అదే మాట రాస్తారు. చదవడానికి విసుగ్గా ఉంటుంది. కానీ కోర్టులో విసుగు కంటే అనుమానం ఖరీదైనది.

ఇంట్లో చేయగలిగిన పని

దీనికి ట్యూషన్ అక్కర్లేదు. అమ్మీకి ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు. పిల్లలు రాసినదాంట్లో హి, షి, ఇట్, దే, హిజ్, హర్, దెయిర్ ఎక్కడున్నా పెన్సిల్‌తో సున్నా చుట్టమనండి. ప్రతి సున్నా నుంచి అది ఎవరి పేరో ఆ పేరు దాకా గీత గీయమనండి. గీత ఒక్క పేరు దగ్గర ఆగితే సరే. రెండు పేర్ల దగ్గర ఆగినా, ఏ పేరూ దొరకకపోయినా, సున్నా చుట్టిన మాట కొట్టేసి పేరు రాయాలి. పేరు రెండుసార్లు వచ్చిందని సిగ్గుపడక్కర్లేదు.

తర్వాత రాసినది ఇంటి సంగతి తెలియని మనిషికి చదివి వినిపించాలి. పక్కింటి ఖాలా అయినా సరే. విన్నవారు ‘ఎవరు?’ అని అడిగారంటే అక్కడ మర్జా తప్పిపోయింది.

ఇప్పుడు మొదటి ఉత్తరం మళ్లీ రాద్దాం. ‘మై మదర్ అండ్ మై గ్రాండ్‌మదర్ హావ్ ఎ జాయింట్ అకౌంట్. మై గ్రాండ్‌మదర్ డైడ్ లాస్ట్ మంత్. ప్లీజ్ రిమూవ్ హర్ నేమ్.’ మార్చింది ఒక్క చోటే. చివరి ‘హర్’ను ముట్టుకోలేదు, ఎందుకంటే ఇప్పుడు ఆ ‘హర్’ వెనక నానీ తప్ప ఇంకెవరూ లేరు. దాంతోపాటు నానీ పూర్తి పేరు, అకౌంట్ నంబరు, డెత్ సర్టిఫికెట్ కాపీ జత చేస్తే బ్యాంకు ఉద్యోగి ‘పోయింది ఎవరమ్మా?’ అని ఆ అమ్మాయిని అడగాల్సిన అవసరం రాదు.

నానీ పోయిన నెలలోనే ఆ ప్రశ్నకు కౌంటర్ దగ్గర నిలబడి జవాబు చెప్పడం ఏ పిల్లకైనా కష్టమే. ‘షి’ ఎవరో ముందే రాసేస్తే ఆ కష్టం తప్పుతుంది.